పాతర గోడ

రామేశ్వరమ్మకు అత్తగారి మీద ఉన్న ఫిర్యాదు ఆ ఊళ్లో మరే కోడలికీ లేనిది. ఆమె అత్త మంచిదైపోయింది. మాటమాత్రం చెప్పకుండా, కోడలిని ఒక్క ముక్క అడగకుండా, అరవై దాటాక ఒక ఎండాకాలం చూసుకుని మంచిదైపోయింది.

చెడ్డ అత్తతో కాపురం చేయడం రామేశ్వరమ్మకు కొట్టిన పిండి. ఒకప్పుడు కోడలు రొట్టెలు తడుతుంటే ఈరక్క పొయ్యి పక్కనే కూర్చుని పిండి ముద్దలు లెక్కపెట్టేది. ఉట్టి మీది మజ్జిగ కుండకు తనకు మాత్రమే తెలిసిన ముడి వేసేది. కోడలు పుట్టింటికి పోయొస్తానంటే, "పో, పోయినాక ఈ ఇంటి దారి గుర్తుంటే రా" అనేది. ఆ నోటికి తగిన నోరు రామేశ్వరమ్మ పెంచుకుంది. నోరు పనికిరాని రోజులకు తగిన మౌనమూ పెంచుకుంది. ఏళ్ల తరబడి సాన పెట్టుకున్న ఆ విద్యలన్నీ ఇప్పుడు ఎవరి మీద వాడాలి? పొద్దున్నే లేచి అత్త "తింటివా బిడ్డా" అంటోంది. మనవళ్లు అడగకముందే బెల్లం పెడుతోంది. వీధిన పోయే ప్రతి మనిషినీ అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ పోస్తోంది. ఆ మజ్జిగ చిలికే చేతులు మాత్రం కోడలివే.

"మీ అత్త దేవత, రామేశ్వరమ్మా" అని పక్కింటి గిడ్డమ్మ వచ్చిన ప్రతిసారీ అనేది. దేవతతో కాపురం ఎంత కష్టమో గిడ్డమ్మకేం తెలుసు? రాక్షసి అయితే తిరిగి ఒక మాట అనవచ్చు. దేవతను అంటే చుట్టుపక్కలవాళ్లు చెంపలు వేసుకోమంటారు. ఇన్నేళ్లు ఏడిపించిందెవరు, ఆ ఏడుపుకు జవాబు ఎవరు చెప్పాలి? అడిగే హక్కు కూడా కోడలికి లేకుండా చేసి ముసలామె హాయిగా నవ్వుతూ కూర్చుంది.

కిందటి వారం మనం ఈ ఇద్దరినీ ఊరి మెరక మీద పాతర్ల బయల్లో, అప్పుడే మూత తీసిన పాతర నోటి దగ్గర వదిలి వచ్చాం. ఆ వారం పత్రిక ఇరుగింటివారు పట్టుకుపోయి ఉంటే, జరిగింది క్లుప్తంగా ఇదీ.

యుద్ధం అయిపోయింది, వాన మాత్రం మొదలు కాలేదు. కోయిలకుంట్ల చుట్టూ ఉన్న నల్లరేగడి పల్లెల్లో జొన్నలను నేల కింద దాస్తారు. గట్టినేల చూసి, మనిషి దిగేంత నోరు, లోపల కుండ కడుపంత వెడల్పు ఉండేలా గొయ్యి తవ్వి, చుట్టూ చొప్ప పరిచి, జొన్నలు నింపి, నోటి మీద నాపరాయి పెట్టి మట్టి మెత్తుతారు. అదే పాతర. మంచి ఏడాది నింపుతారు, చెడ్డ ఏడాది తెరుస్తారు. ఆ పొద్దున ఈరక్క, కొడుకు దేవేంద్రప్ప కోయిలకుంట్లకు పోయాడని తెలిసి కూడా ఆగకుండా, "మా పాతర తెరుస్తాండా, ఇంటింటికీ జొన్నలు పోస్తా, గంపలు తెచ్చుకోండి" అని ఊరంతా చాటించింది.

గంప తీసుకురాని ఇల్లు ఒక్కటే, లాల్ బీది.

రామేశ్వరమ్మ ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడాది ఇంతకంటే పెద్ద కరువు. అప్పట్లో ఊళ్లో పాతరలు మూసేదీ తెరిచేదీ లాల్ బీ మొగుడు ఖాసిం సాహెబ్. తాతల నాటి పని అది, నమ్మకం మీద నడిచే పని. ఆ కరువులో ఈరక్క పాతర తెరిస్తే జొన్నలు సగానికి సగం దిగిపోయి ఉన్నాయి. నోటి మీది మట్టి చెక్కు చెదరలేదు. అంటే, మూసే ముందే ఎవరో తీశారన్నమాట. మూసేనాడు ఇంటివాళ్లు తిండికి పోతే అక్కడ ఒంటరిగా ఉన్నది ఖాసిం సాహెబ్. ఇంక ఈరక్కకు వేరే సాక్ష్యం అక్కరలేకపోయింది. ఇదే బయల్లో, ఊరందరి ముందర, "దొంగ" అన్నది. అంతటితో ఆగలేదు. ఆ మనిషి పుట్టుకనూ, పెళ్లాన్నీ, ఊయలలో ఉన్న బిడ్డనూ కలిపి తిట్టింది. కొత్త కోడలు రామేశ్వరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వింది. ఖాసిం సాహెబ్ ఒక్కసారే, "నేను తీయలేదు పెద్దమ్మా" అన్నాడు. రెండోసారి అనలేదు. ఆ తరవాత ఏ ఇంటివాళ్లూ అతన్ని పాతరకు పిలవలేదు. కొన్నాళ్లకు అతను ఊరు విడిచిపోయాడు. ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. లాల్ బీ మాత్రం పోలేదు. ఊయలలోని బిడ్డ పీర్ బాషా మీసాలొచ్చిన మనిషయ్యాడు గానీ, ఆ ఊళ్లో ఎవరూ అతన్ని కళ్లం కాపలాకు పెట్టలేదు, జొన్నల దగ్గరికి రానివ్వలేదు. రాళ్లు మోయడానికి, ముళ్లకంప కొట్టడానికి పిలిచారు. ఈ ఏడాది అదీ లేదు. ఈరోజు అతను ఊరు వదిలి ఆలూరు వైపు వెళ్లిపోతున్నాడు. పోతే మళ్లీ రాడని లాల్ బీకి తెలుసు.

కథ ఇక్కడుంది. ఇప్పుడు పాతరలోకి దిగుదాం.

పాతర తెరవగానే ఎవరూ దిగరు. లోపలి గాలి మనిషిని పడేస్తుంది. చాలాసేపు నోరు తెరిచి వదిలి, తాడుకు లాంతరు కట్టి కిందికి దింపారు. దీపం ఆరలేదు. అప్పుడు జీతగాడు ఉరుకుందు నడుముకు తాడు కట్టుకుని దిగాడు. ఉరుకుందు కోసిగి వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చి ఆ ఇంట్లో నిలిచినవాడు. ఊరి పాత సంగతులు అతనికి తెలియవు. అందుకే అతను చూసింది చూసినట్టు గట్టిగా చెప్పాడు.

"అవ్వా, ఈడ గోడకు రాళ్లు పెట్టినారేమి?"

"పాతరలో రాళ్లేందిరా. జొన్నలు తోడు" అంది ఈరక్క పైనుంచి.

"తోడతానే ఉండా. మూడు పక్కల ఉత్త మట్టి గోడనే. ఈ పక్క మటుకు రాళ్లు పేర్చి మెత్తినారు. గంప తగిలి ఒక రాయి ఊడొచ్చె." లాంతరు వెలుగు అటు పక్కకు జరిగింది. "అవ్వా, దీని ఎనక ఇంకో పాతర ఉండాది. నిండా ఏందో నల్లగా కుళ్లిపోయి ఉండాది. ముక్కు పగిలిపోతాంది."

"పైకి పంపించు" అంది రామేశ్వరమ్మ.

తాడు లాగారు. గంపలో వచ్చింది ఊడిన రాయి, దాని పక్కన నల్లటి గడ్డ. చేత్తో విరిస్తే లోపల పొట్టు, పొట్టులో జొన్న గింజల ఆకారం. వాసనకు గంపలు పట్టుకున్న ఆడవాళ్లు వెనక్కి జరిగారు. వయసు మళ్లినవాళ్లు మాత్రం జరగలేదు. వాళ్లకు అర్థమయింది. ఎవరి ముత్తాతో తవ్వి మరిచిపోయిన పాత పాతర ఒకటి దీని పక్కనే ఉంది. మధ్య గోడ పలచన. ఆ కరువుకు ముందటి ఏడాది నిండా పోసిన జొన్నల బరువుకు ఆ గోడ కూలి, గింజంతా అటు జారిపోయింది. పైన మూత మూసినట్టే ఉంది. ఎవరూ తీయలేదు. నేల మింగింది.

"అంటే ఖాసిం సాయిబు..." అని గిడ్డమ్మ మొదలుపెట్టి, మిగతా మాట మింగేసింది.

అప్పుడే ఆ బయలు పక్క దారిన లాల్ బీ, పీర్ బాషా వస్తున్నారు. కొడుకు భుజం మీద మూట. లాల్ బీ జనాన్ని చూసింది, గంపను చూసింది, ఆగింది. కొడుకుతో, "నువ్వు పద, వస్తా" అంది. ఆమె దగ్గరికి రాలేదు. చేతులు కట్టుకుని దారిలోనే నిలబడింది.

రామేశ్వరమ్మ చూపు గంప మీద లేదు. ఉరుకుందు మొదట అన్న మాట మీద ఉంది. రాళ్లు పేర్చి మెత్తారు. గోడ తనంతట తాను కూలుతుంది, తనంతట తాను లేవదు. గింజ జారిపోయాక ఎవరో దిగి చూశారు. చూసి, రాళ్లు పెట్టి మట్టి మెత్తి, పైకి వచ్చి నోరు మూసుకున్నారు. ఖాసిం సాహెబ్ దొంగ కాదని తెలిసిన మనిషి ఒకరు ఇన్నేళ్లూ ఈ ఊళ్లో అన్నం తింటూ, నిద్రపోతూ బతికారు. ఎవరది? ఆ పాతర ఎవరిది? ఊరి నోళ్లన్నిటిలోకి ఎవరి నోరు పెద్దది?

"ఎప్పటి నుంచి తెలుసత్తా నీకు?"

ఈరక్క గడ్డను చేతిలో తిప్పి తిప్పి చూస్తోంది. "ఏంది తెలిసేది?"

"ఈ గోడ."

"నాకు తెలీదు."

"పాతర నీది. ఇంటి తాళంచెవులు నీ మొలకుండె. నీకు తెలీకుండా ఈ ఊర్లో పిల్లి కూడా పాలు తాగేది కాదు. గోడకు రాళ్లు పెడితే తెలీదా?"

"తెలీదంటాండా కదమ్మే. మీ మామ మీద ఒట్టు."

"ఆయన పోయి పదేండ్లాయె. ఇప్పుడు ఆయన మీద ఒట్టేస్తే ఆయనకు పోయేదేముంది, నీకు పోయేదేముంది?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. రామేశ్వరమ్మ నవ్వే స్థితిలో లేదు. కొంగు నడుముకు చెక్కుకుంది. ఇన్నేళ్లు దాచి పెట్టుకున్న నోరు ఇవాళ్టి కోసమే ఉందేమోనని ఆమెకే అనిపించింది.

"శానా మంచిదానివైతివి గదా అత్తా. అడిగినోళ్లకు అడగనోళ్లకు మజ్జిగ పోస్తివి. పిల్లలకు బెల్లం పెడితివి. ఈరోజు ఊరందరికీ జొన్నలు పోస్తాండావు. ఇవన్నీ ఇస్తివి. ఆయమ్మకు ఒక్క మాట ఇయ్యలేకపోతివి. జొన్నలయితే మళ్లా పండుతాయి. 'నేను తప్పన్నాను' అంటే నీ నోట్లో ఏం తరుగుతుండె?"

"మనిషి మారగూడదా ఏందమ్మే?" ఈరక్క తల ఎత్తకుండానే అంది. "చిన్నప్పుడు నా అత్త నన్ను గొడ్డును బాదినట్టు బాదె. అదే నాకు తెలుసు, అదే నీకు చేస్తి. అది తప్పని ముసలితనంలో తెలిసె. తెలిసినాక మారగూడదా?"

"మారు. ఎవరొద్దన్నారు? కానీ నువ్వు మారినావో లేదో అడగాల్సింది నీ మజ్జిగ తాగినోళ్లను కాదు. అదిగో, ఆడ నిలబడుకోనుంది చూడు, ఆయమ్మనడుగు. ఇరవై ఏండ్లుగా ఆయమ్మ మన వాకిటి ముందర నుంచే నీళ్లకు పోతాంది. ఒక్కనాడన్నా పిలిస్తివా? ఊర్లో అందరినీ పిలుస్తివే. ఆయమ్మను చూసినప్పుడే నీకు కండ్లు కనపడకపాయె."

"దొంగ పెండ్లాం అనుకుంటి" అంది ఈరక్క. "అనుకున్నదే అంటి. మనసులో ఒకటి పెట్టుకోని ఇంకొకటి అనలేదు. నేను రాకాసినే, ఒప్పుకుంటా. తెలిసి తెలిసి ఒక మనిషిని దొంగని చేయలేదు. నన్ను నమ్మండి."

ఆమె చుట్టూ చూసింది. ఎవరూ నమ్మలేదు. పొద్దుటి నుంచి ముందు వరుసలో గంప పట్టుకుని నిలబడ్డ గిడ్డమ్మ రెండడుగులు పక్కకు జరిగి, ఇంకొక ముసలామె చెవిలో అందరికీ వినపడేలా, "నేనెప్పుడో అనుకుంటి. మంచితనం పైపైనే, లోపల ఆయమ్మ ఆయమ్మనే" అంది. గంప మాత్రం కింద పెట్టలేదు.

చిత్రం ఏమిటంటే, గిడ్డమ్మ అన్న ఆ మాటే రామేశ్వరమ్మ ఏళ్లుగా అనాలనుకున్నది. వేరేవాళ్ల నోట వినగానే అది అంత రుచిగా లేదు. ఈరక్క చేతిలో గడ్డ పొడిపొడిగా రాలుతోంది. ఆ ముఖంలో పాత ఈరక్క కోసం రామేశ్వరమ్మ వెతికింది. అబద్ధం చెప్పేటప్పుడు అత్త గొంతు పెంచుతుంది, ఎదుటివాళ్ల పుట్టింటి మీదికి పోతుంది. ఇవాళ రెండూ చేయలేదు. ఈ సంగతి రామేశ్వరమ్మకు నచ్చలేదు. కోపం మంచి వేడి మీద ఉన్నప్పుడు ఇలాంటివి కనబడకూడదు.

దేవేంద్రప్ప వచ్చింది అప్పుడే. కోయిలకుంట్ల నుంచి నడిచి వచ్చాడు. గొడుగు, చంకలో సంచి, మోకాళ్లదాకా దుమ్ము. ఊళ్లో అందరూ మెచ్చే మనిషి దేవేంద్రప్ప. "ఆయప్ప పుట్టినప్పుడెట్లుండెనో ఇప్పుడూ అట్లనే" అంటారు. కోపం లేదు, గట్టి మాట లేదు. ఆ అత్త కింద ఇన్నేళ్లు బతకగలిగానంటే ఈయన వల్లనేనని రామేశ్వరమ్మ తన పుట్టింట్లో చెప్పని రోజు లేదు. ఇంకొకటి కూడా గొప్పగా చెప్పేది. పాతర నింపేటప్పుడు, తీసేటప్పుడు ఆయన ఎవరినీ దిగనివ్వడు, లోపల గాలి చెడ్డది, కూలివాళ్ల ప్రాణం మీదికి వస్తుందని తానే దిగుతాడు. అంత దయ అని.

ఆయన జనాన్ని తోసుకుని వచ్చి గంపలో గడ్డను చూశాడు. పక్కన పడి ఉన్న రాయిని చూశాడు. గొడుగు ముడవడం కూడా మరిచి ఉన్నచోటే కూలబడ్డాడు.

"నేను రాకుండానే తెరిచినారా?"

"తెరిస్తిమి" అంది రామేశ్వరమ్మ. "మీ అమ్మ చేసిన ఘనకార్యం బయటపడింది. చూడు."

"అమ్మ కాదు" అన్నాడు దేవేంద్రప్ప. "ఆ రాళ్లు పెట్టింది నేను."

ఎంత మెల్లగా అన్నాడంటే, వెనక ఉన్నవాళ్లు "ఏమనె, ఏమనె" అని ముందున్నవాళ్లను అడిగారు. ముందున్నవాళ్లు చెప్పలేదు.

"ఆ కరువు పోయిన మరుసటేడు పంట వచ్చె. నింపేముందు ఊడుస్తామని దిగితి. గోడవార చొప్ప లాగితే దాని ఎనక గోడ పడిపోయి ఉండె. అవతల గింజంతా ఉండె, అప్పటికే పాచిపోయి. ఖాసిం మామ ఊరొదిలి పోయిండె. పైకొచ్చి చెప్దామనే వస్తి. పైన అమ్మ ఎవరి మీదనో అరుస్తాండె." ఆయన ఆగాడు. "చెప్పలేకపోతి. రేపు చెప్దామనుకుంటి. మళ్లా దిగి రాళ్లు పెడితి. పెట్టినాక, ఎందుకు పెట్టినావు అని కూడా అడుగుతారు కదా. ఏడాదికేడాది ఇంకా బరువాయె."

ఈరక్క కొడుకును చూస్తూ ఉండిపోయింది.  మారని మనిషి అని రామేశ్వరమ్మ ఎవరి గురించి గర్వపడిందో ఆయన నిజంగానే మారలేదు. ఆనాడు భయపడ్డాడు, ఈనాటిదాకా అదే భయంతో ఉన్నాడు. దయ అనుకుని తాను పుట్టింట్లో పంచిపెట్టింది ఆ రాళ్లను ఎవరూ చూడకుండా కాపలా కాయడం. ఆమె మొగుడి ఎదురుగా పోయి నిలబడింది.

"ఊరి సంగతి సరే. ఒక్కనాడన్నా నాకు చెప్పాలనిపించలేదా నీకు?"

"నీకు చెప్తే నువ్వు ఊరుకుంటావా?"

"ఊరుకోను."

"అందుకే" అన్నాడాయన.

రామేశ్వరమ్మ మళ్లీ నోరు తెరిచేలోపల, దారిలో నిలబడ్డ లాల్ బీ నడిచి వచ్చింది. పాతర నోటి దగ్గర ఆగి లోపలికి చూసింది, ఏదో బావిలోకి చూసినట్టు. ఆమె అరవలేదు. అరిచి ఉంటే అందరికీ కొంత తేలికగా ఉండేది.

"నేను ఈ ఊరొదిలి ఎందుకు పోలేదో ఎవరన్నా అడిగినారా?" అంది. "మొగుడు పోయినాడు, చంకలో పసిబిడ్డ. పుట్టింటికి పోవచ్చు కదా, ఈడేం చేస్తాంది అని ఒక్కరన్నా అడిగినారా? నేను కూడా పోతే ఒప్పుకున్నట్టే అని ఉండిపోయినా. రోజూ మీ ముందరనే నీళ్లు మోసినా. రోజూ మీరు మీ గంపలు పక్కకు జరుపుకుంటాంటే చూసినా. గిడ్డమ్మా, నువ్వు పిడకలు కూడా లోపల పెట్టుకుంటివి. పిడకలు దొంగిలించి నేనేం చేసుకుంటా, తింటానా?"

గిడ్డమ్మ ఇప్పుడు గంప కింద పెట్టింది.

"లాల్ బీ" అని దేవేంద్రప్ప లేచాడు. "నేనొచ్చి పీర్ బాషాకు చెప్తా. ఊర్లో ఇంటింటికీ పోయి చెప్తా. పిల్లోన్ని పోనియ్యొద్దు."

"వాన్ని ఆపేది నేను కాదు నాయనా. వాళ్ల నాయన వచ్చినాడు."

వెనక్కి జరిగిన ఆడవాళ్లు మళ్లీ ముందుకు వచ్చారు.

"ఖాసిం సాయిబా?" అన్నారెవరో. "బతికుండాడా?"

"సచ్చినాడని నేనెప్పుడన్నా చెప్పినానా? మీరనుకున్నారు. ఆలూరు పక్కన పాతరలు తవ్వుకుంటా ఉండాడు. ఆడ ఎవరూ ఆయన్ని దొంగ అనరు. ఏటికొకసారి ఉరుసుకు పోయినప్పుడు కండ్లారా చూసుకోని వస్తా. ఈరోజు కొడుకును తీసుకపోను బండి కట్టుకోనొచ్చినాడు. పొలిమేర రాయి అవతల ఆపినాడు. ఈ ఊరి దుమ్ము తొక్కనంటాడు."

దేవేంద్రప్ప అటు తిరిగాడు. లాల్ బీ చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు కాదు నాయనా. నువ్వు దాచినావు. అన్నది నువ్వు కాదు."

అందరి ముఖాలూ ఈరక్క వైపు తిరిగాయి.

రామేశ్వరమ్మ కూడా చూసింది. ఇప్పుడు అత్తకు తప్పించుకునే దారి ఒకటి దొరికింది, రాజమార్గం లాంటిది. కొడుకు మీద పడవచ్చు. నువ్వు చెప్పి ఉంటే నేనప్పుడే సరిచేసేదాన్ని కదా, ఇన్నేళ్ల పాపమూ నీదే అని తల బాదుకోవచ్చు. ఊరు కూడా ఆమెతో కలిసి బాదుకుంటుంది. తాను ఎరిగిన ఈరక్క అయితే ఈ పాటికి మొదలుపెట్టేది. రామేశ్వరమ్మ ఎదురుచూసింది. నిజం చెప్పాలంటే, ఆ అరుపు వినబడితే తన లెక్క తప్పలేదని కొంచెం ఊరట పడేది కూడా.

ఈరక్క చేతికంటిన నల్ల పొడి చీరకు తుడుచుకుంది. కొడుకు చెయ్యి అందించాడు, పట్టుకోలేదు. కోడలు అందించలేదు, దాన్నీ చూసింది. ఎండలో తల మీద కొంగయినా వేసుకోకుండా పొలిమేర వైపు నడిచింది.

ఊరంతా వెనక నడిచింది. రామేశ్వరమ్మ అందరికంటే ముందు, అత్తకు నాలుగడుగుల వెనక. సాయంగా కాదు. ఈ మనిషి మధ్యలో మనసు మార్చుకుని వెనక్కి తిరిగితే దారికి అడ్డంగా నిలబడాలని. కోపం ఇంకా చల్లారలేదు. ఒకవేళ ఆమె మారితే మాత్రం? మారిన ఈరక్కకు ఈ ఊరు దండాలు పెడుతుంది. మారకముందు ఈరక్క తీసుకుపోయిన ఏళ్లు ఎవరు తెచ్చి ఇస్తారు? లాల్ బీకి ఒక కాపురం, పీర్ బాషాకు ఒక తండ్రి. తనకు సరే, పిండి ముద్దలు.

పొలిమేర రాయి అవతల ఎద్దులు కట్టిన బండి ఉంది. బండి ముందు భాగంలో ఒక మనిషి ఆలూరు దిక్కుకు ముఖం పెట్టి కూర్చున్నాడు. ఊరికి కనబడేది అతని వీపు, తలపాగా కింద నెరిసిన వెంట్రుకలు. ఇంతమంది వస్తున్న చప్పుడు అతను వినలేదనుకోవడం కష్టం. పీర్ బాషా చక్రం పక్కన మూటతో నిలబడ్డాడు, తల్లి ముఖం చూశాడు, వెనక జనాన్ని చూశాడు.

లాల్ బీ బండి దగ్గరికి పోయి మొగుడితో మెల్లగా ఏదో చెప్పింది. చాలానే చెప్పింది. అతను తల ఊపలేదు, తిప్పలేదు.

ఈరక్క రాయి పక్కకు వచ్చి ఆగింది. ఆయాసపడుతోంది. "ఖాసిమూ" అంది.

వీపు కదలలేదు.

"ఎంతసేపట్నుంచి కూర్చోనుండావు నాయనా ఈ ఎండలో? ఇంటికి రా. ఇంత అన్నం తిందువు. నువ్వు, కొడుకు, అందరూ రాండి."

మంచితనం. మళ్లీ ఆ మంచితనం. చేతికి అలవాటైపోయిన, పైసా ఖర్చు లేని మంచితనం. రామేశ్వరమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. అనాలనుకుంటే చాలా ఉంది. కానీ ఒక్క మాటే అంది.

"అత్తా."

ఈరక్క వెనక్కి చూసింది. ఇన్నేళ్ల కాపురంలో కోడలు ఆమెను ఎన్నో రకాలుగా పిలిచింది, భయంతో, వెటకారంతో, విసుగుతో. ఇలా ఎప్పుడూ పిలవలేదు. ముసలామె పెదాలు తడుపుకుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒకదాన్నొకటి పట్టుకుంది.

బండిలోని మనిషి ఇటు తిరగకుండానే, "పీర్ బాషా, ఎక్కు" అన్నాడు. ఇరవై ఏళ్ల తరవాత ఊరు ఆ గొంతు విన్నది ఆ ఒక్క మాటలో. పీర్ బాషా మూట లోపలికి వేసి బండి మీద ఒక కాలు పెట్టాడు. ఎద్దులు మెడలు ఎత్తాయి.

ఈరక్క రాయి దాటి పోయి బండి వెనక కొయ్యను రెండు చేతులతో పట్టుకుంది. గొంతు చిన్నగా వచ్చింది. మళ్లీ పెంచుకుంది, వెనకనున్న ఊరందరికీ వినపడాలని.

"నువ్వు తీయలేదు ఖాసిమూ. నేల తీసుకునె, నేను నిన్ను అంటి. అందరి ముందర అంటి, అందుకే అందరి ముందర చెప్తాండా. నీ పెండ్లాన్ని అంటి, ఊయల్లో ఉన్న ఈ బిడ్డను అంటి, అది కూడా నేనే. నా కొడుకు తెలిసీ దాచినాడు. నా నోటికి భయపడి దాచినాడు. వాన్ని భయపెట్టిన నోరు నాది. ఎవరి మీదా తోయను. నాది తప్పు."